తొలి 10కె పరుగు: రోహిణి కార్తె నుంచి ఆగస్టు దాకా పద్నాలుగు వారాలు

మన దగ్గర ఐదు కిలోమీటర్లు పరిగెత్తినా, పది పరిగెత్తినా "మారథాన్‌కి వెళ్లొచ్చాను" అనే అంటారు. అసలు మారథాన్ 42.195 కిలోమీటర్లు. అందులో సగం హాఫ్ మారథాన్, దాదాపు 21.1. ఈ రెండూ ఇప్పుడు మనకొద్దు. స్కూలు వదిలాక మళ్లీ పరుగు ముఖం చూడని మనిషి మొదటి రేసుగా ఏది పెట్టుకోవాలని నన్ను అడిగితే, 10కె, అంటే పది కిలోమీటర్ల పరుగు అంటాను. ఐదు కిలోమీటర్లయితే పెద్దగా సాధన లేకపోయినా సగం నడిచి, సగం పరిగెత్తి ముగించేయొచ్చు. పదికి మాత్రం సిద్ధపడాలి. ఆ సిద్ధపడటం ఉద్యోగం, ఇల్లు, పిల్లల్ని చూసుకుంటూనే వారానికి మూడు పూటలతో అయిపోతుంది.

హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టులో, మామూలుగా చివరి ఆదివారం జరుగుతుంది. అందులో 10కె కూడా ఉంటుంది. అక్కడి నుంచి పద్నాలుగు వారాలు వెనక్కి లెక్కపెడితే మే చివరికి, అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తెకు చేరతాం. ఎండల్లో మొదలై, ముసురుల్లో ముగిసే సాధన ఇది. విశాఖ వాళ్లకు ఏడాది చివర్లో ఆర్కే బీచ్ దగ్గర వైజాగ్ నేవీ మారథాన్ ఉంది. వాళ్లు ఇదే లెక్కను వానాకాలంలో మొదలుపెట్టుకోవచ్చు. వారాల వరుస ఎక్కడైనా ఒకటే.

మొదటి పాఠం: వేగం తగ్గించడం

నేను మొదటిసారి పరుగు మొదలుపెట్టినప్పుడు పది రోజులు వరసగా, ఒక్క రోజు కూడా మానకుండా, ఉన్న శక్తంతా పెట్టి కాలనీ చుట్టూ పరిగెత్తాను. ఆయాసం రాకపోతే అది పరుగే కాదనుకున్నాను. పదకొండో రోజు మోకాలి కింద, కాలి ముందు ఎముక వెంట నొప్పి మొదలైంది. నెలన్నర దాకా మెట్లు దిగడమే కష్టమైంది. అప్పుడు నాకెవరూ చెప్పని మాట ఇదే: గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే కొత్త పనికి అలవాటు పడతాయి. ఎముకలకు, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలకు నెలలు పడుతుంది. దమ్ము ముందు వస్తుంది, కాళ్లు వెనక వస్తాయి. ఆ మధ్యలో "ఇంకా పరిగెత్తగలను" అనిపించే మూడో వారం, నాలుగో వారంలోనే చాలామంది దెబ్బతింటారు.

ఊళ్లలో తెల్లవారుజామున కాలేజీ గ్రౌండ్‌కి వెళ్తే కానిస్టేబుల్ సెలక్షన్స్ కోసం పరిగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. అంటే కిలోమీటరు నాలుగున్నర నిమిషాలు. వాళ్లను చూసి కొత్తవాళ్లు అదే వేగం అందుకోబోయి రెండు రౌండ్లకే నడుము పట్టుకుని నిలబడిపోతారు. వాళ్ల లెక్క వేరు, మన లెక్క వేరు. మనకు మొదట్లో కిలోమీటరుకు ఎనిమిది, తొమ్మిది నిమిషాలు పట్టినా సరిపోతుంది. చురుగ్గా నడిస్తే పది, పదకొండు నిమిషాలు పడుతుంది. నడక కంటే కాస్త ముందున్నామంటే చాలు.

వేగం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. పక్కన మనిషి ఉంటే ఆయాసపడకుండా మాట్లాడగలగాలి. ఒంటరిగా ఉంటే పదమూడో ఎక్కం పైకి చెప్పుకోండి. "పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది" అని ఒక్క ఊపిరిలో అనగలిగితే వేగం బాగుంది. మధ్యలో గాలి కోసం ఆగితే ఎక్కువైంది, తగ్గించండి. తగ్గించినా కుదరకపోతే నడవండి. చేతికి గుండె వేగం చూపించే వాచీ ఉన్నవాళ్లు 220లోంచి వయసు తీసేసి, గుండె ఎక్కువలో ఎక్కువ ఎంత వేగంగా కొట్టుకోగలదో లెక్క వేస్తుంటారు. అది సగటు అంచనా మాత్రమే, మనిషి మనిషికీ బాగా తేడా వస్తుంది. ఎక్కాన్నే నమ్మండి.

ముక్కుతోనే గాలి పీల్చాలని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. ముక్కు, నోరు రెండూ వాడండి.

మొదలుపెట్టే ముందు

నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండె జబ్బు వచ్చిన వాళ్లున్నవాళ్లు ముందు డాక్టర్‌ని కలవండి. ఇది మాట వరసకు చెప్పడం లేదు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా తగ్గించే మాత్రలు గానీ వాడుతుంటే పరుగు రోజు డోసు, తిండి ఎలా ఉండాలో అడిగి తెలుసుకోవాలి. జేబులో గ్లూకోజ్ పొట్లం ఎప్పుడూ ఉండాలి. పరిగెత్తేటప్పుడు ఛాతీ బిగుసుకున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపోయి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. గ్యాస్ అనుకుని ఇంటికి వెళ్లి పడుకోకూడదు.

ఇక బూట్లు. ఈ ప్రయాణంలో డబ్బు పెట్టాల్సిన చోటు ఇదొక్కటే. వాకింగ్ షూస్, క్రికెట్ ఆడే షూస్, ఫ్యాషన్ స్నీకర్స్ కాదు, రన్నింగ్ షూస్ అనే అడిగి కొనండి. సాయంత్రం పూట షాపుకి వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, పరుగులోనూ అలాగే ఉబ్బుతాయి. పరుగుకి వేసుకునే సాక్సుతోనే వేసి చూడండి. పొడవాటి వేలికి, బూటు కొసకి మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మామూలు చెప్పుల సైజు కంటే సగం నంబరో, ఒక నంబరో పెద్దది పడుతుంది. బిగుతు బూట్లతో పది కిలోమీటర్లు పోతే గోళ్లు నల్లబడతాయి. షాపులోనే నాలుగడుగులు పరిగెత్తి చూడండి. అందరికీ నప్పే కంపెనీ అంటూ లేదు, మీ కాలికి ఏది హాయిగా ఉంటే అదే మంచిది. ఒక జత సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది, కాబట్టి ఈ పద్నాలుగు వారాలకూ కొత్త జత ఒకటి చాలు. సాక్సులు మాత్రం కాటన్‌వి వద్దు. చెమటకు తడిసి బొబ్బలు తెస్తాయి.

బట్టలు చెమట త్వరగా ఆరిపోయేవైతే ఏవైనా పర్లేదు. తొడలు, చంకలు ఒరుసుకునే చోట వాజిలైన్ రాయండి. ఆడవాళ్లకు సరిగ్గా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా బూట్లంత ముఖ్యం. చుడీదార్ మీద పరిగెత్తడమే సౌకర్యంగా ఉంటే అలాగే పరిగెత్తండి, చున్నీ మాత్రం ఇంట్లో పెట్టి రండి.

పద్నాలుగు వారాలు

వారానికి మూడు రోజులు పరుగు: మంగళ, గురు, ఆదివారాలు అనుకుందాం. రెండు పరుగుల మధ్య కనీసం ఒక రోజు ఖాళీ. ప్రతిసారీ ముందు ఐదు నిమిషాలు, చివర ఐదు నిమిషాలు నడక.

మొదటి రెండు వారాలు: ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా ఎనిమిదిసార్లు. "ఇంతేనా?" అనిపిస్తుంది. ఇంతే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే ఈ పరుగు-నడక పద్ధతిని లోకమంతా తిప్పాడు. ఒలింపిక్స్‌కి వెళ్లిన మనిషే కొత్తవాళ్లకు నడవమని చెప్పాడు కాబట్టి నడిస్తే చిన్నతనమేమో అనే బెంగ పెట్టుకోకండి. అలసిపోయాక నడవడం కాదు ఇది, అలసిపోకముందే నడవడం. తేడా అంతా అక్కడే ఉంది.

మూడు, నాలుగు వారాలు: రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, ఆరుసార్లు. ఇందాక చెప్పిన ప్రమాదం పొంచి ఉన్న వారాలివే. ఒంట్లో హుషారుగా ఉన్నా ఒక్క నిమిషం కూడా కలపొద్దు.

ఐదు, ఆరు వారాలు: నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, ఐదుసార్లు. ఆదివారం మాత్రం ఏడుసార్లు.

ఏడో వారం: తొమ్మిది నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మూడుసార్లు. ఆదివారం అదే లెక్కతో, మొత్తం ఎంత టైం పట్టిందో పట్టించుకోకుండా, ఐదు కిలోమీటర్లు. ఆ రోజును నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఐదు కిలోమీటర్లు అంటే మా ఇంటి నుంచి బస్టాండ్ దాటి ఇంకా పోవాలి. అంత దూరం నా కాళ్లు నన్ను తీసుకెళ్లాయంటే నమ్మబుద్ధి కాలేదు.

ఎనిమిదో వారం విశ్రాంతి వారం. మూడు రోజులూ ఇరవై ఐదు నిమిషాలు, చాలా తేలిగ్గా. దీన్ని ఎగ్గొట్టి ముందుకు దూకాలనిపిస్తుంది. దూకొద్దు. శరీరం బలపడేది పరిగెత్తేటప్పుడు కాదు, పరిగెత్తి వచ్చి పడుకున్నాక.

తొమ్మిదో వారం నుంచి లెక్క నిమిషాల్లోంచి కిలోమీటర్లలోకి మారుతుంది. మంగళ, గురువారాలు నాలుగు కిలోమీటర్లు, తర్వాత ఐదు. ఆదివారాలు వరసగా ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. అంటే పన్నెండో వారం ఆదివారానికి తొమ్మిది కిలోమీటర్లు అవుతాయి, రేసుకి ఇంకా రెండు వారాలుంటుంది. మధ్యలో నడక కావాలంటే ప్రతి కిలోమీటరుకీ ఒక నిమిషం నడవండి. పదో వారం నుంచి గురువారం పరుగు చివర్లో ఇరవై సెకన్లు చురుగ్గా, ఒక నిమిషం నడక, ఇలా నాలుగుసార్లు చేయండి. కొత్తవాళ్లకు వేగం కోసం ఇంతకు మించి అక్కర్లేదు.

పదమూడో వారం ఆదివారం ఆరు. పద్నాలుగో వారం మంగళవారం నాలుగు, గురువారం ఇరవై నిమిషాలు, ఆదివారం రేసు. రేసుకి ముందు పూర్తి పది ఎందుకు పరిగెత్తించడం లేదని అందరూ అడుగుతారు. తొమ్మిది పరిగెత్తిన కాళ్లకు, పక్కన వేలమంది ఉన్నప్పుడు పదో కిలోమీటరు పెద్ద లెక్కలోది కాదు.

జ్వరమో, పెళ్లో, ఆఫీసు పనో అడ్డొచ్చి ఒక వారం పోతే, పోయిన వారం నుంచే మళ్లీ అందుకోండి. రెండు వారాల పరుగును ఒకే వారంలో కూరేయొద్దు.

పరుగు లేని రోజుల్లో రెండు రోజులు పదిహేను నిమిషాలు కాళ్లకు పని చెప్పండి. మన బళ్లో శిక్షగా తీయించిన గుంజీళ్లు నిజానికి పరుగుకి అద్భుతమైన వ్యాయామం. నెమ్మదిగా, మోకాళ్లు లోపలికి ఒరగకుండా, పదిహేను చొప్పున మూడుసార్లు. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం ఇరవై చొప్పున మూడుసార్లు. దీన్ని మానొద్దు, పిక్కలు, కాలి ముందు ఎముక నిలబడేది దీనివల్లే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, ఒంటికాలి మీద అర నిమిషం నిలబడటం. పళ్లు తోముకుంటూ కూడా నిలబడొచ్చు.

ఎండ, వాన, కుక్కలు

రోహిణి కార్తెలో ఐదున్నరకల్లా ఇంటికి తిరిగొచ్చేలా బయలుదేరండి. సాయంత్రం ఏడింటికి కూడా సిమెంటు రోడ్డు వేడి కక్కుతూనే ఉంటుంది, అందుకే తెల్లవారుజామే మేలు. వేడికి శరీరం అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా వేగం ఇంకా తగ్గినా దిగులుపడకండి. కోస్తాలో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ బాధిస్తుంది. చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, వేడిలోనూ చలి వేసినట్టు రోమాలు లేవడం, మాట తడబడటం కనిపిస్తే నీడలో కూర్చుని తల మీద, మెడ మీద నీళ్లు పోసుకోవాలి. మాట తడబడుతుంటే పక్కవాళ్లు 108కి ఫోన్ చేయాలి.

నలభై నిమిషాల లోపు పరుగుకి వెంట నీళ్లు అక్కర్లేదు, వెళ్లే ముందు ఒక గ్లాసు తాగితే చాలు. అంతకు మించితే దాహం వేసినప్పుడల్లా రెండు గుక్కలు. వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగను మించింది లేదు. బాగా చెమట పట్టిన రోజు ఓఆర్ఎస్ కలుపుకోండి. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, పూర్తిగా ఒకేసారి కలపాలి. కొంచెం పొడి, గ్లాసు నీళ్లు అని అంచనాగా కలపకూడదు. దాహం లేకపోయినా లీటర్లకొద్దీ నీళ్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది.

వానలో పరిగెత్తొచ్చు, మెరుపులుంటే మాత్రం వద్దు. నీళ్లు నిలిచిన చోట కింద మ్యాన్‌హోల్ ఉందో, గుంత ఉందో తెలియదు, చుట్టూ తిరిగి పొండి. తడిసిన బూట్లలో న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి ఫ్యాను కింద పెడితే మర్నాటికి ఆరతాయి.

రోడ్డు మీదైతే ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడి పక్కన పరిగెత్తండి. చీకట్లో లేత రంగు బట్టలు వేసుకోండి. చెవుల్లో పాటలు వద్దు. వీధి కుక్కలు వెంటపడితే పరుగు ఆపేయండి. పరిగెత్తేదాన్ని తరమడం వాటి స్వభావం. నిలబడి, కళ్లలోకి చూడకుండా, వెనక్కి తిరగకుండా మెల్లగా పక్కకు నడవండి. కరిచినా, గోరు గీరుకున్నా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి అదే రోజు టీకా వేయించుకోవాలి. ఇవన్నీ తప్పించుకోవాలంటే గ్రౌండో, పార్కో, యూనివర్సిటీ క్యాంపసో చూసుకోండి. ఊళ్లో కాలువ గట్టు మట్టిబాట ఉంటే మీరు అదృష్టవంతులు. ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం మంచిది. లోపం వాళ్లది కాకపోయినా వీధులు ఇంకా అలాగే ఉన్నాయి.

నొప్పి

రెండు రకాల నొప్పుల్ని విడదీసి చూడటం నేర్చుకోవాలి. తొడలు, పిక్కలు రెండు కాళ్లలోనూ సమానంగా పట్టేసి, రెండు మూడు రోజుల్లో పోతే అది కండరాల నొప్పి. నడక, నిద్ర, వేడినీళ్ల స్నానం చాలు. ఒకే కాలిలో, వేలు పెట్టి చూపించగలిగే ఒకే చోట నొప్పి ఉంటే, పరిగెత్తేకొద్దీ పెరుగుతుంటే ఆగిపోవాలి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద పొడిస్తే అరికాలి పట్టీ వాచిందని అనుమానించాలి. ఎముక మీద వేలితో నొక్కితే ప్రాణం పోయేలా ఉంటే చిన్న పగులు కావచ్చు, ఎముకల డాక్టర్‌ని కలవండి. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తే అలవాటు మాత్రం చేసుకోకండి. అది నొప్పిని దాస్తుంది, దెబ్బ లోపల పెరుగుతూనే ఉంటుంది.

అడుగులు పొడుగ్గా వేస్తే మడమ శరీరానికి ముందు పడి ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టవుతుంది. అడుగు చిన్నదిగా, చప్పుడు లేకుండా పడేలా చూసుకుంటే మోకాళ్ల బాధ చాలా వరకు తగ్గుతుంది.

తిండి

ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు. పరుగుకి అరగంట ముందు సగం అరటిపండు, లేకపోతే ఖాళీ కడుపు. పెద్ద ఆదివారం పరుగుకి ముందు రాగి జావ. వచ్చాక ఇడ్లీ సాంబారు, గుడ్లు, పెసరట్టు, ఏదైనా. అన్నం మానేసి పరుగు పెట్టేవాళ్లను చూశాను, పదో వారానికి నీరసపడిపోతారు. పప్పో, గుడ్డో, చేపో రోజూ ఉండాలి. నిద్ర ఏడు గంటలు తగ్గకూడదు. నాలుగింటికి లేవాలంటే తొమ్మిదింటికి పడుకోవాలి, ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి. ఈ సాధనలో అన్నిటికంటే కష్టమైంది నాకు అదే అనిపించింది.

రేసు

రిజిస్ట్రేషన్ నెలల ముందే మొదలవుతుంది, నిండిపోవచ్చు కూడా. రేసుకి ఒకట్రెండు రోజుల ముందు గుర్తింపు కార్డు తీసుకెళ్లి బిబ్, అంటే టీషర్ట్‌కి పెట్టుకునే నంబరు కాగితం, తెచ్చుకోవాలి. దాని వెనకో, విడిగానో మీ టైం నమోదు చేసే చిప్ ఉంటుంది, మడవకండి. మీ టైం మీరు స్టార్ట్ గీత దాటినప్పటి నుంచే లెక్కలోకి వస్తుంది కాబట్టి ముందు వరసలో తోసుకోనక్కర్లేదు, వెనకే నిలబడండి.

ముందు రోజు రాత్రి పప్పన్నం, పెరుగన్నం. బిర్యానీ, ఆవకాయ, కొత్త హోటల్ వద్దు. బిబ్‌ని టీషర్ట్ ముందు నాలుగు పిన్నులతో పెట్టేసి, బూట్లు, సాక్సులు, వాజిలైన్ ఒక చోట పెట్టి పడుకోండి. టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా ఫర్వాలేదు, అంతకు ముందు రెండు రాత్రులు బాగా నిద్రపోతే చాలు. పంచిపెట్టే కొత్త టీషర్ట్ ఆ రోజే వేసుకోకండి. ఉతకని కొత్త బట్ట పది కిలోమీటర్లలో చర్మం ఒలుస్తుంది.

గంట ముందే చేరండి, రోడ్లు మూసేస్తారు, టాయిలెట్ల దగ్గర బారులుంటాయి. మొదటి రెండు కిలోమీటర్లు అందరూ మిమ్మల్ని దాటిపోతారు. పోనివ్వండి. పదమూడో ఎక్కం చెప్పుకుంటూ పొండి. ఆరో కిలోమీటరు తర్వాత వాళ్లలో చాలామంది నడుస్తూ కనిపిస్తారు. హైదరాబాద్ రోడ్లలో ఎక్కుళ్లు ఎక్కువ. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వేగం నిలబెట్టాలని చూడకండి, ఆయాసం అంతే ఉండేలా అడుగులు చిన్నవి చేయండి. దిగేటప్పుడు ఉరకకండి, తొడలు అక్కడే అరిగిపోతాయి. నీళ్ల దగ్గర మొదటి బల్ల వదిలేసి చివరి బల్ల దగ్గర తీసుకోండి, పక్కకు జరిగి నడుస్తూ తాగండి, కప్పు తొట్టిలో వేయండి. ఎనిమిదో కిలోమీటరు కష్టంగా ఉంటుంది. అక్కడ వంద అడుగులు నడిచి, మళ్లీ మొదలుపెట్టండి. కిలోమీటరుకి ఎనిమిది నిమిషాలు పడితే మొత్తం గంటా ఇరవై నిమిషాలు. మొదటి రేసుకి అది మంచి టైం.

గీత దాటగానే కూర్చోవద్దు. పది నిమిషాలు నడవండి, లేకపోతే కళ్లు తిరుగుతాయి. నీళ్లు తాగి, తడి బట్టలు మార్చుకుని, గంటలోపు కడుపు నిండా తినండి. తర్వాతి నాలుగైదు రోజులు నడక మాత్రమే. ఆ తర్వాతి ఆదివారం నాలుగు కిలోమీటర్లు, వాచీ లేకుండా.